రాయికి కళ్ళూ ముక్కూ దిద్దకుండా మరియమ్మను గీయడం

రాయిలో మరియమ్మ కనిపించిందనుకోండి. విరిగిన చెట్టులో సిలువ కనిపించిందనుకోండి. బొమ్మలు వేసేవాళ్ళు అప్పుడు ముందుగా చేయాల్సింది ఆ రాయికి కళ్ళూ ముక్కూ దిద్దకుండా చెయ్యి ఆపుకోవడం. ఇది నా గట్టి నమ్మకం. రాయి రాయిగానే ఉండి, చెట్టు చెట్టుగానే ఉండి, అదే మరియమ్మ పటమూ ప్రభువు పటమూ కాగలదు, కావాలి కూడా. ఈ మాట మా విచారణలో, అంటే మా గుడి పరిధిలోని కతోలిక సంఘంలో, ఎప్పుడు అన్నా ఎవరో ఒకరు అడ్డం చెబుతారు, కొందరు ప్రేమగా, కొందరు కాస్త కోపంగానే. వాళ్ళు అడిగేవి మంచి ప్రశ్నలే. పూజ అయ్యాక గుడి బయట నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పేవి మాత్రం కావు, అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నాది విశాఖపట్నంలోని జ్ఞానాపురం. పునీత పేతురు కథెడ్రల్ గంట వింటూ పెరిగాను. మా వీధుల్లో ఏ ఇంట్లోకి వెళ్ళినా గోడకు యేసు తిరుహృదయ పటం, దాని పక్కన వేళాంగణి మాతో లూర్దు మాతో, బీరువా మీద చిన్న అంతోనివారి స్వరూపం. ఆ పటాల ముందే మా అమ్మ జపమాల చెప్పింది, నేనూ ఇప్పటికీ వాటి ముందే చెబుతున్నాను, వాటి మీద నాకు ఏ చిన్నచూపూ లేదు. కానీ బొమ్మలు నేర్చుకునే రోజుల్లో వాటిని చూసి గీస్తుంటే ఒక సంగతి నన్ను బాగా ఇబ్బంది పెట్టేది. ఆ పటంలో ఒక్క రాయి కూడా మా రాయి కాదు. 1846లో, ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న సవోయ్ ప్రాంతంలోని ఆనెసీ నుంచి ఫ్రాన్సిస్ ద సేల్స్ సభ గురువులు విశాఖపట్నం వచ్చారు. వాళ్ళు తెచ్చిన విశ్వాసం మనదైపోయింది, మన పాటల్లోకి వచ్చింది, మన పండగల్లోకి, పెళ్ళిళ్ళలోకి, చావుల్లోకి వచ్చింది. పటాలు మాత్రం అక్కడే ఆగిపోయాయి. అక్కడి కొండలు, అక్కడి చెట్లు, అక్కడి మెత్తటి వెలుగు. మనకేమో పొద్దున ఏడింటికే ఎండ సముద్రం మీద నుంచి అడ్డంగా వచ్చి కొండను కొడుతుంది, రాయి మీద ప్రతి గీతా నల్లగా తేలుతుంది. ఆ వెలుగులో ఉన్న మరియమ్మను ఎవరూ వేయలేదే అనిపించేది.

మన కొండల రాయి సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా పని అంతా అక్కడే మొదలవుతుంది. విశాఖ చుట్టూ ఉన్నది ఎక్కువగా ఖొండలైట్. తూర్పు కనుమల్లో ఉండే కోందు గిరిజనుల పేరు మీద భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరది. భూమి లోపల విపరీతమైన వేడికీ ఒత్తిడికీ మెత్తబడి, వంగి, మడతలు పడి పైకొచ్చిన రాయి కాబట్టి దాని నిండా చారలే, ఒక్క చారా తిన్నగా ఉండదు. మధ్యమధ్యలో గార్నెట్ గింజలు ఎర్రగా మెరుస్తాయి. ఉప్పుగాలికి మెత్తటి చోట్ల రాలిపోయి గుంటలు పడతాయి, గట్టి చారలు మాత్రం బయటికి పొడుచుకొస్తాయి. తెన్నేటి పార్కు కింద రాళ్ళను చూడండి, యారాడ వైపు చూడండి, ఋషికొండ చూడండి. వంగిన మెడ, జారిన పైట, మోకాళ్ళ మీద కూర్చున్న మనిషి వీపు, ఇవన్నీ అడక్కుండానే కనిపిస్తాయి. పదిగంటలకు ఎండ నెత్తిమీదికి రాగానే సగం మాయమవుతాయి.

ఇది నీ మెదడు చేసే గారడీ కదా అంటారు చదువుకున్న కుర్రాళ్ళు. అవును, మెదడే చేస్తుంది. అర్థంలేని చుక్కల్లో కూడా ముఖాలు వెతుక్కోవడం మనిషి మెదడుకు పుట్టుకతో వచ్చిన గుణం. 2014లో కాంగ్ లీ బృందం చేసిన పరిశోధనలో ఏ ముఖమూ లేని ఉత్త చుక్కల బొమ్మలు చూపించి వీటిలో ముఖాలున్నాయి అంటే జనం చూశామన్నారు, ముఖాలను గుర్తుపట్టే మెదడు భాగం నిజంగానే చురుగ్గా పనిచేసింది కూడా. ఇందులో నాకు కంగారుపడాల్సింది ఏమీ కనిపించదు. లియొనార్డో డావించీ మరకలు పడ్డ గోడలను చూడండి, అందులో కొండలూ నదులూ యుద్ధాలూ దొరుకుతాయి అని చిత్రకారులకు రాసిపెట్టాడు. ఆయనకంటే ముందే కళ గురించి రాసిన ఇటలీవాడు ఆల్బెర్టీ, అసలు శిల్పం పుట్టిందే చెట్టుమొద్దులోనో మట్టిగడ్డలోనో మనిషి పోలిక చూసి దాన్ని ఇంకాస్త సరిచేద్దామనుకున్నప్పుడు అన్నాడు. ఇటలీ చిత్రకారుడు మాంటెన్యా వేసిన పునీత సెబాస్టియన్ బొమ్మ ఒకటి వియన్నాలో ఉంది, అందులో మేఘంలో ఒక గుర్రపురౌతు దాగి ఉంటాడు. అస్సీసీలో పునీత ఫ్రాన్సిస్ మరణాన్ని చూపే కుడ్యచిత్రంలోని మేఘంలో దయ్యం ముఖం ఉందని 2011లో గానీ ఎవరూ గమనించలేదు. ఆకారం కనిపించడమనేది చిత్రకళకు చాలా పాత ముడిసరుకు, అంతే. దేవుడు ఇచ్చిన కళ్ళతో, దేవుడు ఇచ్చిన మెదడుతో చూస్తున్నాం. ఆ చూపును ఏం చేస్తామన్నదే అసలు ప్రశ్న.

ఇంకో మాట. మన కన్ను ఖాళీగా లేదు. నాకు రాతిలో కనిపించేది మరియమ్మే ఎందుకంటే చిన్నప్పటి నుంచి ఒక పక్కకు వాలిన తల, భుజాల మీదుగా జారే వస్త్రం, చేతుల మధ్య బిడ్డకు చోటు, ఈ మూడు గీతలూ నా కళ్ళలో ముద్రపడిపోయాయి కాబట్టి. అదే రాయిని చూసి పక్కన వల బాగుచేసుకునే జాలరి పెద్దాయన గంగమ్మ అంటాడు. ఇద్దరమూ అబద్ధం చెప్పడం లేదు. కృష్ణకమలం పువ్వు తెలుసు కదా, గోడల మీద పాకే తీగ, ఊదారంగు కేసరాలు చుట్టూ విచ్చుకుని ఉంటాయి. అమెరికా ఖండంలో దాన్ని మొదట చూసిన స్పెయిన్ గురువులకు అందులో ప్రభువు సిలువ పాటులు మొత్తం కనిపించాయి. చుట్టూ ఉన్న కేసరాలు ముళ్ళ కిరీటం, ఐదు పుప్పొడి తిత్తులు ఐదు గాయాలు, పైనున్న మూడు మేకులు. ఆ పువ్వు మన దేశానికి వచ్చింది. మనవాళ్ళు చూసి, చుట్టూ ఉన్నవి కౌరవులు, మధ్యలో ఐదుగురు పాండవులు, పైన త్రిమూర్తులు అన్నారు. పువ్వు ఒక్క రేకు కూడా మార్చుకోలేదు. నాగమల్లి చెట్టూ దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే, దాని పువ్వులో మన ఊళ్ళ వాళ్ళకు పడగ విప్పిన పాము కింద శివలింగం కనిపిస్తుంది. బొర్రా గుహల్లో గైడు టార్చి వేసి ఇదిగో శివపార్వతులు, ఇదిగో తల్లీబిడ్డ, ఇదిగో మొసలి అని చూపిస్తుంటే కులమతాలతో పని లేకుండా అందరం అవును అవును అంటాం.

ఈ ఊరు ఇలాంటి చూపుకు అలవాటుపడిన ఊరు. హార్బరు పక్కన మూడు కొండలు, ఒకదాని మీద రాస్ కొండ మరియమ్మ గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి. సింహాచలంలో స్వామి ఏడాదిలో ఒక్క అక్షయ తృతీయ రోజు తప్ప చందనం పూత వెనకే ఉంటాడు, జనం ఆ పూత పూసిన ఆకారానికే దండం పెట్టుకుని తృప్తిగా ఇంటికి వెళతారు. ముఖం కనిపించకపోతే భక్తి కుదరదు అనేవాళ్ళకు విశాఖలో ఉండి ఆ మాట ఎలా అనగలుగుతున్నారని అడగాలనిపిస్తుంది నాకు.

అందుకే నేను పెట్టుకున్న మొదటి నియమం, రాయి మీద ఏమీ గీయకూడదు. బ్రష్షు కాన్వాస్ మీదే. తీరంలో రాళ్ళ మీద ఇప్పటికే ప్రకటనలూ పేర్లూ ప్రేమ గుర్తులూ చాలినన్ని ఉన్నాయి, వాటికి తోడు ఒక సిలువ గీస్తే అది ప్రార్థన కాదు, కబ్జా. ఆ రాయి పక్కవాడి కంటికి కూడా రాయిగా మిగలాలి, వాడి గంగమ్మను నేను చెరపకూడదు. రెండో నియమం, ఇక్కడ మరియమ్మ వెలిసింది అని ఎప్పుడూ ఎవరితోనూ అనకూడదు. తిరుసభ, అంటే కతోలిక సంఘం, ఇలాంటి విషయాల్లో ఎంత జాగ్రత్తగా ఉంటుందో చాలామందికి తెలియదు. 2024 మేలో వాటికన్ విశ్వాస సిద్ధాంత విభాగం ఇచ్చిన కొత్త నియమాల ప్రకారం, దర్శనాల లాంటివాటి మీద పరిశీలన జరిపాక కూడా మామూలుగా అనేది ‘అభ్యంతరం లేదు’ అనే వరకే, ఇది ఖచ్చితంగా దైవికమని ప్రకటించడం కాదు. బిషప్పులే అంత ఆచితూచి మాట్లాడుతుంటే పొద్దున ఏడింటి నీడను పట్టుకుని నేను అద్భుతం అంటానా?

ఇక ముఖం ఎందుకు గీయకూడదన్న అసలు సంగతికి వస్తాను. ఈ జవాబు నాకు దొరికింది విశాఖ వచ్చిన ఆ గురువుల సభకు పేరిచ్చిన ఫ్రాన్సిస్ ద సేల్స్ గారి దగ్గరే. 1609లో ఆయన మామూలు సంసారుల కోసం రాసిన భక్తి పుస్తకం నిండా పువ్వులూ పక్షులూ తేనెటీగలే. అందులో ఒకచోట అంటారు, తేనెటీగ పువ్వులోంచి తేనె తీసుకుంటుంది గానీ పువ్వును గాయపరచదు, తాను వచ్చినప్పుడు ఎంత తాజాగా ఉందో అంత తాజాగానే వదిలి వెళుతుంది అని. ఆయన చెబుతున్నది భక్తి గురించి, నిజమైన భక్తి మనిషి చేసే వృత్తినీ సంసారాన్నీ పాడుచేయదు అని. అది చదివినప్పటి నుంచి నా పనికి అదే కొలత. రాయిలో కనిపించిన ఆకారానికి నేను క్యాలెండర్ ముఖం తొడిగితే ఆ రాయి చచ్చిపోతుంది. కోట్ల ఏళ్ళ వేడి, ఆ మడతలు, ఉప్పుగాలి, గార్నెట్ గింజ, అన్నీ పోయి మళ్ళీ మా బీరువా మీద పటమే మిగులుతుంది, కాకపోతే గరుకుగా. అలాంటప్పుడు రాయి దగ్గరికి వెళ్ళడం ఎందుకు? ఇంట్లో కూర్చుని పటం చూసి గీసుకోవచ్చు.

ఒక ఉదాహరణ చెబుతాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరిని ఎలా దున్నిందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోన్లు లేవు. పచ్చగా ఉన్న కొండలు రాత్రికి రాత్రి కాలిపోయినట్టు గోధుమరంగులోకి మారాయి. వీధి వీధికీ చెట్లు పడి ఉన్నాయి. ఒక రోడ్డు మలుపులో పెద్ద నిద్రగన్నేరు చెట్టు వేళ్ళతో సహా లేచి పక్కకు ఒరిగింది. ఆ వేళ్ళ గుండ్రం, మట్టితో, మనిషికంటే ఎత్తుగా నిలబడి ఉంది. దాని ఒడిలాంటి వంపులోకి పక్కనున్న తురాయి చెట్టు కొమ్మ ఒకటి బెరడు ఒలిచిపోయి తెల్లగా, పొడుగ్గా, మధ్యలో విరిగి వాలి ఉంది. చూసిన వెంటనే నాకు తెలిసింది అదేమిటో. సిలువమార్గం, అంటే ప్రభువు పాటులను పద్నాలుగు స్థలాలుగా ధ్యానిస్తూ నడిచే ప్రార్థన, అందులో పదమూడో స్థలం. ప్రభువు దేహాన్ని సిలువ మీద నుంచి దింపి తల్లి ఒడిలో పెట్టారు. నేను బొగ్గుముక్కతో గీస్తుండగానే రంపాలు పట్టుకుని కుర్రాళ్ళు వచ్చారు. దారి తెరవాలి వాళ్ళు, అంబులెన్సులు ఆగిపోయి ఉన్నాయి. ఒకతను నా కాగితం వైపు చూసి “ఏటండీ, చెట్టుని గీస్తన్నారా? గీసుకోండి, అటేపు కొమ్మలు ముందు కొట్టేత్తాం” అన్నాడు. ఆ కాస్త టైము దొరికింది, దొరికినంత గీశాను. ఆ కుర్రాడి మేలు మర్చిపోలేను.

తర్వాత దాన్ని పెద్ద కాన్వాస్ మీదికి తెచ్చేటప్పుడు చాలా ఆశ పుట్టింది, ఆ వేళ్ళ పైభాగాన చిన్నగా ఒక తల, రెండు కన్నీటి కళ్ళు పెడితే అందరికీ అర్థమైపోతుంది కదా అని. పెట్టలేదు. బదులుగా నేను వెతికింది, అసలు నన్ను అక్కడ ఆపేసిన గీతలు ఏవి అని. వేళ్ళ మధ్య లోతుగా ఉన్న వంపు ఒకటి. తెల్ల కొమ్మ విరిగి వేలాడే కోణం ఒకటి. మట్టి అంచు నుంచి కిందికి వేలాడుతున్న సన్న వేళ్ళు ఇంకొకటి. ఈ మూడింటినీ చెడగొట్టకుండా, వాటిని పెంచకుండా, తక్కినవన్నీ ఉన్నవి ఉన్నట్టు వేశాను. తెగిన కేబుల్ తీగ కూడా ఉంది అందులో. దాన్ని చూసినవాళ్ళలో కొందరికి తుఫాను చెట్టు కనిపిస్తుంది, అంతవరకే. అది కూడా నిజమే. ఆ తుఫానులో కొడుకును పోగొట్టుకున్న తల్లులు ఉన్నారు ఈ జిల్లాలో. చెట్టును చెట్టుగా ఉంచకపోతే ఆ నిజం పటంలోంచి జారిపోయేది.

ఒక విచారణలో పెద్దలు ఆ పటాన్ని తీసుకోలేదు. “తల ఏదమ్మా? ఎవరికి దండం పెట్టాలి? ముసలివాళ్ళు ముద్దు పెట్టుకోవడానికి పాదాలైనా ఉండాలి కదా” అన్నారు. బాధ వేసింది, దాచను. కానీ వాళ్ళ మాటలో బలం ఉంది. 787లో బిషప్పులు కూడిన రెండో నైసియా మహాసభ స్వరూపాలను నిలబెట్టింది దేని మీద? పటానికి ఇచ్చే గౌరవం ఆ పటంలోని వ్యక్తికి చేరుతుంది అనే మాట మీద. వ్యక్తే కనిపించకపోతే గౌరవం ఎటు పోవాలి అని అడగడం న్యాయమే. 1563లో ట్రెంట్ మహాసభ, మామూలుకు భిన్నమైన ఏ పటాన్నైనా బిషప్పు అనుమతి లేకుండా గుడిలో పెట్టకూడదని కూడా చెప్పింది. బలిపీఠం వెనక గోడకు నా చెట్టు పటం తగిలించండి అని నేను ఎన్నడూ అడగలేదు, అడగను. పూజలో అందరి కళ్ళూ ఒక్కచోట కలవాలి, అక్కడ గుర్తుపట్టగలిగే ముఖం ఉండటం మంచిది.

అయితే గుడి అంటే పీఠం ఒక్కటే కాదు కదా. సిలువమార్గం నడిచే దారి ఉంది, సమావేశాల గది ఉంది, ఆస్పత్రి వరండా ఉంది, ఇల్లు ఉంది. తిరుసభ ఏ ఒక్క కళాశైలినీ తన సొంత శైలి అని ప్రకటించుకోలేదని రెండో వాటికన్ మహాసభ 1963లోనే, ఆరాధన మీద ఇచ్చిన పత్రంలో స్పష్టంగా రాసింది. ఫ్రాన్స్‌లో వాన్స్ అనే ఊళ్ళో డొమినికన్ సిస్టర్ల కోసం చిత్రకారుడు మతీస్ చేసిన ప్రార్థనాలయం 1951లో పూర్తయింది. అక్కడ పునీత డొమినిక్‌కు ముఖం లేదు, మరియమ్మకూ బాలయేసుకూ ముఖాలు లేవు, తెల్ల టైల్స్ మీద నల్లటి గీతలు మాత్రమే. కిటికీ అద్దాల్లో జీవవృక్షం ఆకులు ఏ ఏదెను తోటవీ కావు, మన బీచి కొండల మీద మేకలు కూడా ముట్టని నాగజెముడు జాతివే. అక్కడ సిస్టర్లు ప్రార్థన చేసుకున్నారు, చేసుకుంటున్నారు. అంతకు చాలా ముందు, 1889లో, వాన్‌గో తన స్నేహితుడు బెర్నార్డ్ వేసిన గెత్సేమనీ తోట బొమ్మను ఒప్పుకోలేక, వేదన చూపించడానికి ఆ పాత తోటనే మళ్ళీ గీయక్కర్లేదని రాసి, తన ఎదురుగా ఉన్న ఆలివ్ చెట్లనే వేశాడు. ఆ మెలికలు తిరిగిన మానుల్లో వేదన లేదని ఎవరంటారు?

ఇది ప్రకృతి పూజ అయిపోతుందేమో అన్న భయం ఇంకొకటి. ఈ భయానికి మన కతోలిక బైబిల్లోనే చాలా సూటి పాఠం ఉంది, సొలోమోను జ్ఞానగ్రంథం 13వ అధ్యాయం. సృష్టిలోని గొప్పతనం, అందం చూసి సృష్టికర్తను గ్రహించవచ్చు అంటుంది ఐదో వచనం. నాలాంటివాళ్ళందరం పట్టుకుని వేలాడేది ఆ వచనాన్నే. కానీ అదే అధ్యాయం ఇంకా ముందుకు చదివితే ఒక వడ్రంగి వస్తాడు. ఎందుకూ పనికిరాని, వంకరగా, ముడులు నిండిన కట్టెముక్క ఒకటి మిగిలితే తీరిక వేళలో దాన్ని చెక్కుతాడు, మనిషి రూపు ఇస్తాడు, ఎర్ర రంగు పూస్తాడు, ప్రతి మచ్చనూ రంగుతో కప్పేస్తాడు, గోడకు కొట్టి దానికి మొక్కుతాడు. ఆ వడ్రంగిని నేను చాలా దగ్గరగా చూస్తాను, ఎందుకంటే వంకర కట్టెలు ఏరుకునేది నేనూ కాబట్టి. అతను ఎక్కడ తప్పిపోయాడు? నాకు తోచింది ఇది. ముడులు కప్పేశాడు. కట్టె కట్టెగా మిగిలి ఉంటే దానికి మొక్కేవాడు కాదు, దాన్ని చేసినవాడి వైపు చూసేవాడు. మచ్చలన్నీ కప్పి నున్నగా చేశాక అది తన సొంత తయారీ అయిపోయింది, తన తయారీకే తాను దండం పెట్టాడు. పూర్తిచేసిన ముఖం కంటే పూర్తిచేయని రాయే విగ్రహారాధనకు దూరంగా ఉంటుందని నేను అనేది అందుకే.

మరియమ్మకు చీర కడితే మన కళ అయిపోయింది అనుకునేవాళ్ళూ ఉన్నారు. గోవాలో పుట్టిన ఆంజెలో ద ఫొన్సెకా (1902–1967) శాంతినికేతన్‌లో నేర్చుకుని మరియమ్మను మన దేశపు స్త్రీగా వేసినందుకు సొంత ఊరివాళ్ళ చేత మాటలు పడ్డాడు, పూణే చేరి అక్కడే జీవితమంతా వేశాడు. ఆయన చేసింది చాలా పెద్ద పని, ఆ తలుపు ఆయన తెరవకపోతే మనం ఇవాళ ఈ మాటలే మాట్లాడుకునేవాళ్ళం కాదు. బెంగళూరు దగ్గర సిల్వేపురలో జ్యోతి సాహి చెట్టునూ రాయినీ నీళ్ళనూ ధ్యానించి వేస్తూ ఇంకా లోపలికి వెళ్ళారు. నేను కోరేది ఆ దారిలో తర్వాతి అడుగు. దుస్తులు మార్చడంతో ఆగకుండా నేల మారాలి, వెలుగు మారాలి, రంగు ఎక్కడి నుంచి వస్తుందో అది మారాలి. మరియమ్మకు నీలమే ఎందుకు? యూరప్‌లో ఆ నీలం అఫ్ఘానిస్తాన్ నుంచి వచ్చే ఖరీదైన రాతిపొడి, అమ్మకు ఇవ్వదగిన విలువైన వస్తువు అని ఇచ్చారు. బిజాంటియం, అంటే పాత తూర్పు రోమన్ సామ్రాజ్యపు పటాల్లో ఆమె పై వస్త్రం ముదురు ఎరుపు. నేను జేగురు, ఎర్రమట్టి రంగు, వాడతాను.

జేగురు అన్నాను కాబట్టి ఒక మాట, ఎర్రమట్టి దిబ్బల మట్టిని మాత్రం ఎవరూ రంగు కోసం తీయొద్దు, చిటికెడు కూడా. భీమిలి దారిలో ఉన్న ఆ దిబ్బలు ఇసుకలో ఇనుము తుప్పు పట్టి ఎర్రబడినవి, వాన కోసిన గీతలతో అంత అందం వచ్చింది, జాతీయ భూవారసత్వ స్థలం అది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. అక్కడ వాన కోసిన ఒక సన్నటి లోయలో నిలబడి చూస్తే రెండు వైపులా నిలువు మడతలు, తలలు వంచుకుని నిలబడ్డ ఆడవాళ్ళ గుంపే. ఎనిమిదో స్థలం, యెరూషలేము స్త్రీలు. గీసుకుని రావాలి, మట్టి అక్కడే ఉండాలి. జేగురు బజార్లో దొరుకుతుంది.

అన్నిటికంటే కష్టమైనది ఆరో స్థలం, వెరోనికమ్మ ప్రభువు ముఖం తుడిచే చోటు. ముఖం గీయను అని కూర్చున్న నాకు ముఖమే విషయమైన స్థలం. మన బీచిల్లో ఇసుకలో ఇల్మనైట్ అనే నల్ల ఖనిజం, ఎర్ర గార్నెట్ కలిసి ఉంటాయి. బరువైన రేణువులు కాబట్టి అల వెనక్కి పోయేటప్పుడు తేలిక ఇసుక కొట్టుకుపోయి ఇవి మిగులుతాయి, తడి ఇసుక మీద నల్లటి, గులాబీరంగు అచ్చులు పడతాయి. కొన్నిసార్లు రెక్కలు, కొన్నిసార్లు తడిసిన గుడ్డ ముడతలు. ఒక ఉదయం అలాంటి ఒక అచ్చును చూశాను, మధ్యలో ఖాళీ, చుట్టూ మసక. తర్వాతి అల దాన్ని తీసుకుపోయింది. వెరోనికమ్మ గుడ్డ మీద పడ్డది కూడా ఎవరో గీసిన బొమ్మ కాదు, తాకిడికి పడిన అచ్చు. కాబట్టి ఆ స్థలంలో నేను వేసింది ఆ నల్ల ఇసుక అచ్చునే, మధ్యలో ఖాళీని ఖాళీగా వదిలి. ఇది చూసిన ఒక పెద్దావిడ, మా అమ్మ వయసు ఉంటుంది, చాలాసేపు చూసి “ముఖం పెట్టలేదేటమ్మా?” అంది. పెట్టలేదు పెద్దమ్మా అన్నాను. “అయితే నేనే పెట్టుకోవాలన్నమాట” అని అక్కడే కూర్చుని జపమాల తీసింది. నేను వాదించి చెప్పలేకపోయింది ఆవిడకు చెప్పకుండానే తెలిసింది.

పద్నాలుగో స్థలం, సమాధి, నాకు తేగల పాతర దగ్గర దొరికింది. చలికాలంలో తేగలు తినని ఉత్తరాంధ్రవాడు ఉంటాడా. తాటిటెంకలను మట్టిలో పాతరేస్తారు, నెలల తర్వాత తవ్వితే టెంకలోంచి మొలక కిందికి దిగి, లావెక్కి, తొడుగు కట్టుకుని ఉంటుంది. దాన్ని చీలిస్తే లోపల సన్నగా తెల్లటి లేత ఆకు, చందమామ అంటాం దాన్ని. గోధుమగింజ భూమిలో పడి చావకపోతే ఒంటిగానే ఉంటుందని ప్రభువు అన్నాడు. మన నేలలో ఆ మాట చెప్పాల్సివస్తే తాటిటెంక కంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు. ఆ పటంలో పాతర గొయ్యి, తవ్విన మట్టి అంచు, సగం బయటపడ్డ ఒక తేగ. దేవదూతలూ లేరు, రాయి దొర్లించడమూ లేదు. చందమామను చూపించాలా వద్దా అని చాలా రోజులు తన్నుకులాడాను. చూపించలేదు, అది ప్రభువు తిరిగి లేచిన పాస్క పండుగ సంగతి, సమాధి దగ్గర దాన్ని బయటపెట్టకూడదనిపించింది.

ఇలా చేయాలనుకునే పిల్లలు కొందరు అడుగుతుంటారు, ఎక్కడ మొదలుపెట్టాలని. సముద్రం వెనక్కి పోయి పాటు తీసినప్పుడు, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు వెళ్ళండి. ఫోన్లో ఫొటో తీసి ఇంటికొచ్చి గీయకండి, ఫొటోకి ఒక్క కన్నే ఉంటుంది, నీడను రాయిగా చూపించి మోసం చేస్తుంది. కనిపించిన ఆకారం చుట్టూ నడవండి, నాలుగు వైపుల నుంచీ గీయండి. ఒక్క కోణంలోనే కనిపించి తక్కిన చోట్ల మాయమైతే అది రాతిది కాదు, వెలుగుది, అప్పుడు వెలుగునే గీయండి. ఏ ఆకారమూ కనిపించని రోజున బలవంతంగా వెతకొద్దు. ఉత్త రాయినే గీసి రండి, ఆ రోజు ప్రార్థన అదే.

సిలువమార్గం స్థలాలు అన్నీ ఒక వరసలో పెట్టాలని ఇప్పుడు పనిచేస్తున్నాను. గుడిలో కాకపోయినా పాస్క పండుగకు ముందు వచ్చే తపస్సుకాలంలో ఏదైనా కొండదారిలో, పూజ ముగిశాక తీసేసేలా నిలబెడదామని కొందరు గురువులతో మాట్లాడుతున్నాను, ఇద్దరు సుముఖంగానే ఉన్నారు. చాలా స్థలాలకు ఆకారాలు ఈ తీరమే ఇచ్చింది. పన్నెండో స్థలానికి మాత్రం ఇవ్వలేదు. ప్రభువు సిలువ మీద ప్రాణం విడిచే ఆ చోటికి సరిపోయే చెట్టుగానీ రాయిగానీ నాకు ఎక్కడా కనిపించలేదు. కనిపించినట్టు నటించి ఒకటి తయారుచేయడం నాకు ఇష్టం లేదు. పండుగలోపు దొరక్కపోతే ఆ స్థలంలో మా ఇంటి గోడ మీది పాత సిలువనే తెచ్చి పెడతాను, మా అమ్మ దండం పెట్టుకునేదాన్ని, ముఖంతో సహా.